సుఖ శబ్దమూ, కమాన్ కట్ట బుష్షూ

సుఖమనగానే నేటి మనస్సుకు స్ఫురించేవి మెత్తని శయ్య, చల్లని గాలి, ఋణబాధ లేని గృహం. ఈ శబ్దం పుట్టిన చోటు వేరు. ఋగ్వేద ప్రథమ మండలంలోని ఇరవయ్యవ సూక్తం ఋభువులను స్తుతిస్తుంది. ఋభువులు జన్మచేత దేవతలు కారు. మర్త్యులుగా పుట్టి హస్తకౌశలం చేత దేవత్వాన్ని పొందిన శిల్పులు. వారు అశ్వినీదేవతల కోసం ఒక రథాన్ని నిర్మించారని చెబుతూ ఆ సూక్తం ఆ రథానికి ‘సుఖ’ అనే విశేషణాన్ని ప్రయోగించింది. ఆ ప్రయోగంలో సుఖమనేది రథికుని అనుభూతిగా గాక రథానికే చెందిన గుణంగా కనిపిస్తుంది. ‘సు’ అంటే చక్కనిది. ‘ఖ’ అంటే రంధ్రం, ఇరుసు ఇమిడే తొర్ర. ఇరుసుకు తగిన తొర్ర గలది గనుక కుదుపు లేక సాగిపోయే రథం సుఖరథం.

ఈ ‘ఖ’ శబ్దం అష్టమ మండలంలోని అపాల సూక్తంలో మరింత స్పష్టంగా వినబడుతుంది. చర్మవ్యాధితో భర్తృగృహానికి దూరమైన అపాలను ఇంద్రుడు ముమ్మారు శుద్ధి చేసి సూర్యవర్చస్సును ప్రసాదించాడు. ఆ శుద్ధి జరిగిన స్థానాలు మూడు: రథపు ఖ, శకటపు ఖ, కాడి ఖ. కాలక్రమాన ఈ శబ్దం బండి నుండి దేహానికి ప్రయాణించింది. కఠోపనిషత్తు ఇంద్రియాలను వెలుపలికి తెరుచుకున్న రంధ్రాలుగా చెప్పినప్పుడు వాడిన మాట ఇదే. యాస్కుడు నిరుక్తంలో సుఖాన్ని ఇంద్రియాలకు హితమైనదిగా వివరిస్తూ ‘ఖ’ను తవ్వుట అనే అర్థం గల ధాతువుతో ముడిపెట్టాడు. రథపు తొర్ర వ్యుత్పత్తిని అందరు పండితులూ అంగీకరించారని చెప్పరాదు. అయినా సాధకునికి ఇది ఉపకరించే వ్యుత్పత్తి. ఇరుసూ చక్రమూ రెండూ కఠినమైనవే. సుఖదుఃఖాలు నిర్ణయమయ్యేది ఆ రెండూ కలిసే చోట.

వేదకాలపు ఆ అర్థం నేడు పాఠశాలల్లో కంటె జాతీయ రహదారి ప్రక్కనున్న రేకుల షెడ్లలో ఎక్కువ సజీవంగా ఉన్నది. ఏలూరు నుండి భీమడోలు, ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం వరకు సాగే మార్గంలో రేయింబవళ్ళు లారీలు ఆగవు. ఉల్లిపాయల టోకు వ్యాపారానికి పేరుపొందిన గూడెం బజారుకు కర్నూలు సీమ నుండి బస్తాలు దిగుతాయి. దక్షిణాన కొల్లేటి సీమలోని చెరువుల నుండి శీలావతి, బొచ్చె చేపలు మంచుపొరల నడుమ పెట్టెలలో సర్దుకుని వెయ్యి కిలోమీటర్లకు మించిన దూరాన ఉన్న హౌరాకు, అక్కడి నుండి ఇంకా ముందుకు పోతాయి. ఈ సీమ నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దానిపై వేసిన రోడ్డు ఎంత చదునుగా వేసినా రెండు వర్షాకాలాలకే అలలు తిరుగుతుంది. పైగా చేపల లోడు నుండి కరిగిన మంచునీరు దారి పొడవునా చట్రం మీద కారుతూనే ఉంటుంది. లారీ క్రింది ఇనుము త్వరగా వార్ధక్యం పొందడానికి ఇంతకంటె అనుకూలమైన దేశం అరుదు.

ఇక బుష్షు విషయం. లారీ బరువును చక్రాల మీద మోసేవి కమాన్ కట్టలు. కమాన్ అంటే పారసీకంలో విల్లు. ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి నడుమ బోల్టుతో బంధించిన ధనుస్సు అది. అన్నిటికంటె పొడవైన మెయిన్ పట్టీ రెండు కొసలనూ గుండ్రంగా చుట్టి కన్నులుగా మలుస్తారు. ముందు కట్టలో సాధారణంగా ఒక కన్ను చట్రానికి అమర్చిన బ్రాకెట్టులో పిన్నుతో స్థిరంగా నిలుస్తుంది. రెండవ కన్ను షాకిల్ అనే ఊగే లంకెకు తగులుకుంటుంది. బరువు పడినప్పుడు విల్లు చదునై కొంత పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటిచ్చేది షాకిల్. ఒక కొస కదలకుండా ఉండాలి, మరొక కొస కదలగలగాలి. రెండూ బిగిస్తే పట్టీ విరుగుతుంది. రెండూ వదులైతే ఇరుసుకు దిక్కు ఉండదు.

ఆ కన్నుకూ, దానిలోని పిన్నుకూ నడుమ కూర్చున్న చిన్న గొట్టమే బుష్షు. గన్‌మెటల్‌తో చేసింది కొన్ని బండ్లలో, రబ్బరుది మరికొన్నిటిలో. పది చక్రాల లారీకి చట్టం అనుమతించిన మొత్తం బరువు 2018 సవరణకు ముందు 25 టన్నులు, తరువాత 28.5 టన్నులు. అంత బరువు బండి ప్రతి గతుకులోనూ ఈ అరచేతిలో ఇమిడే గొట్టాల గుండానే నేలతో సంభాషిస్తుంది. బుష్షును కావాలనే పిన్ను కంటె మెత్తని లోహంతో చేస్తారు. అరగవలసినది అదేనని శిల్పి ముందే నిర్ణయించాడు. అది అరిగినన్నాళ్ళు పిన్నూ కన్నూ క్షేమం. దాని అరుగుదల లోపం కాదు, వృత్తి. అరిగిపోయిన తరువాత కూడా దానిని అక్కడే ఉంచడం మాత్రం యజమాని దోషం.

ఏలూరు శివారులో నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మేస్త్రి ఒకరు ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో బాల్యంలోనే సమ్మెట పట్టినవారు. ఫాల్గుణ మాసంలో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర సాగుతున్న దినాలలో, లంక గ్రామానికి చెందిన ఒక యువకుడు తన లారీని ఆయన వద్దకు తెచ్చాడు. స్వంత బండి, స్వయంగా నడిపేవాడు. వచ్చిన పని వేరు: ముందు టైరు లోపలి అంచు అరిగిపోతున్నది, కొత్త టైరు వేసే ముందు చక్రాల వరుస చూడమన్నాడు. బండి షెడ్డులోకి వస్తూ గట్టు దిగినప్పుడే మేస్త్రి తల ఎత్తారు.

“ఎన్నాళ్ళనుంచయ్యా ఈ చప్పుడు?”

“ఏ చప్పుడండీ?”

ఈ చిన్న సంభాషణ వద్ద జిజ్ఞాసువు కొంత నిలవాలి. యువకుడు అబద్ధమాడలేదు. బుష్షు ఒక్కరోజులో అరగదు. చప్పుడు కూడా ఒక్కరోజులో పెరగదు. ప్రతిదినం నిన్నటికంటె వెంట్రుకవాసి పెరిగే శబ్దాన్ని చెవి నిన్నటి శబ్దంగానే స్వీకరిస్తుంది. కొంతకాలానికి ఆ కొట్టుకొనుటయే బండి స్వభావమనిపిస్తుంది. వేదాంతం అధ్యాస అని చెప్పేది ఎక్కడో ఆకాశంలో జరిగే వ్యవహారం కాదు. ఆగంతుకమైన దానిని స్వభావంగా భ్రమించడమే అధ్యాస. కోపిష్టి తన కోపాన్ని ‘నా తీరు ఇంతే’ అంటాడు. చింతాక్రాంతుడు చింతను బాధ్యత అంటాడు. చెవికి దూరమైన మరొకడు గట్టు దగ్గర తల ఎత్తి ‘ఎన్నాళ్ళనుంచి?’ అని అడిగితే గాని అది చప్పుడని తెలియదు. గురువు అవసరమెందుకని వాదించేవారికి ఇంతకంటె సరళమైన సమాధానం దొరకదు.

మేస్త్రి ముందు చక్రాలకు అడ్డంగా కర్రదుంగలు పెట్టించి, బ్రేకు నొక్కి పట్టి బండిని కాస్త ముందుకూ వెనుకకూ కదిలించమన్నారు. స్థిరంగా ఉండవలసిన కన్ను బ్రాకెట్టులో వేలిమందం ముందుకూ వెనుకకూ జరిగింది. టైరు అరిగిన కారణం అక్కడ ఉన్నది. ఎడమ ప్రక్క ఇరుసు తన స్థానంలో లేదు; బ్రేకు వేసినప్పుడల్లా ఆ ప్రక్క వెనుకకు లాగబడుతున్నది, స్టీరింగు ఎడమకు గుంజుతున్నది. యువకుడు తెలియకుండానే చక్రాన్ని కుడికి పట్టి నడపడం నేర్చుకున్నాడు. దోషానికి అనుగుణంగా తనను తాను వంచుకోవడంలో మనిషి శరీరానికి అమితమైన ప్రతిభ ఉన్నది.

ఆ రాత్రికి లోడు ఒప్పుకుని ఉన్నాడు. ఐస్ పగలగొట్టే పని కూడా మొదలై ఉంటుంది.

“మేస్త్రిగారండీ, ఈ ఒక్క ట్రిప్పుకీ రేకు ముక్క చుట్టి బిగించెయ్యండి. హౌరా నుంచొచ్చాక అన్నీ మార్పించుకుంటాను.”

“రేకు పెడితే చప్పుడాగుద్దిరా అబ్బాయ్. అరుగుడాగదు.”

రేకు చుట్టే ఉపాయం ప్రతి షెడ్డుకూ తెలుసు. పలుచని ఇనుప రేకును పిన్ను చుట్టూ తిప్పి కన్నులో దూర్చితే వదులు పోతుంది, కొట్టుకోవడం ఆగుతుంది, నడిపేవాని మనస్సు కుదుటపడుతుంది. నాలుగైదు వందల కిలోమీటర్లలో ఆ రేకు నలిగి ముక్కలవుతుంది. ఆ ముక్కలే పిన్నును గీరుతాయి, గ్రీజు దారిని మూస్తాయి. సాధనా మార్గంలో ఇటువంటి రేకు ముక్కలు ఎన్ని లేవు! మనస్సు అలజడి చెందినప్పుడు దానిని మరొక విషయంతో మూసివేసి లభించిన నిశ్శబ్దాన్ని శాంతి అనుకోవడం అందరికీ అనుభవమే. సుషుప్తిలోనూ మనస్సు నిశ్శబ్దమే. అందుచేత ఏ ఆచార్యుడూ సుషుప్తిని సమాధి అనలేదు. చప్పుడు పోవడం వేరు, చప్పుడుకు కారణం పోవడం వేరు.

ఇందులో మరొక ధర్మసూక్ష్మం ఉన్నది. కొల్లేటి నడుమ సాగే ఏలూరు–కైకలూరు రోడ్డు ఇరువైపులా చాలా దూరం నీరే. రాత్రివేళ ఎదురుగా ఆటోలో జాతర నుండి తిరిగివచ్చే కుటుంబం ఉండవచ్చు. బ్రేకు వేసినప్పుడు ఎడమకు గుంజే లారీ బాధ దానిని నడిపేవానికి అలవాటైంది. ఎదురుగా వచ్చేవానికి అలవాటు కాలేదు. గీతలో భగవానుడు లోకసంగ్రహమనే మాటను జనకాదులను స్మరిస్తూ చెప్పాడు. రాజర్షులకే పరిమితమైన ధర్మంగా దానిని చదివితే ఆ మాట సగమే అర్థమైనట్లు. తన రథపు ఖను తాను చూసుకోవడం కూడా లోకసంగ్రహమే.

యువకుడు చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తరువాత చేపల వ్యాపారికి ఫోను చేసి లోడు వేరే బండికి ఇమ్మన్నాడు. అవతలి మాట ఏమైనదో గాని ముఖం ఎర్రబడింది. ఒక ట్రిప్పు కిరాయి పోవడమంటే ఆ నెల వాయిదాకు వేరే చోట చెయ్యి చాపడమే. త్యాగమనే పెద్దమాట అక్కడ ఎవరూ ఉచ్చరించలేదు.

పని మొదలైంది. వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీని ఇరుసు క్రింద గాక చట్రం క్రింద వేసి బండిని పైకెత్తారు. ఈ భేదం తెలియని కుర్రవాళ్ళు ఇరుసును ఎత్తుతారు. అప్పుడు కట్ట మీద బరువు అలాగే ఉండి పిన్ను కదలదు. చట్రాన్ని ఎత్తి బలమైన స్టాండ్ల మీద నిలిపినప్పుడే కట్ట తన భారాన్ని విడిచి వేలాడుతుంది. బరువు క్రింద ఉన్న పిన్నును సమ్మెటతో కొట్టడం వలన పిన్ను తల చితుకుతుంది తప్ప ఫలితం ఉండదు. దుఃఖపు బరువు మీద ఉన్నవానికి తత్త్వోపదేశం చేసే పండితులు ఈ షెడ్డులో ఒక పూట గడపడం మంచిది. ముందు బరువు దించాలి.

యూ బోల్టులు విప్పి కట్టను మొత్తంగా దింపారు. షాకిల్ వైపు పిన్ను నాలుగు దెబ్బలకు వచ్చింది. స్థిరపు పిన్ను రాలేదు. తుప్పు దానిని బుష్షుతో ఒక్కటి చేసింది. గ్యాసు మంటతో బ్రాకెట్టును కాల్చి, చల్లార్చి, మళ్ళీ కాల్చి, సమ్మెట వేశారు. గంటకు పైగా పట్టింది. బయటికి వచ్చిన పిన్ను చూడదగినది: ఒక ప్రక్క కొత్తదానివలె మెరుస్తున్నది, రెండవ ప్రక్క చవితి చంద్రుని వలె తరిగిపోయింది. భారం ఎప్పుడూ ఒకే దిక్కు నుండి వచ్చినదానికి సాక్ష్యం. బుష్షు ఆ దిక్కున కాగితమంత పలుచనై చిరిగి, దాని తరువాత కన్ను లోపలి ఉక్కు కూడా కొంత కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. అరగవలసినది అరిగిపోయిన తరువాత అరగకూడనిది అరగడం మొదలైంది.

కారణం కొరకు మేస్త్రి పిన్ను తలను గుడ్డతో తుడిచారు. గ్రీజు ఎక్కించే నిపుల్ నోరు రంగుతో మూసుకుపోయి ఉన్నది. గడచిన దసరాకు ఆయుధపూజ నిమిత్తం బండికి క్రింది నుండి పై వరకు కొత్త రంగు వేయించారు. చట్రం మీద, బ్రాకెట్ల మీద, నిపుళ్ళ మీద కూడా బ్రష్షు నడిచింది. కుంకుమ పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. ఆనాటి నుండి ఆ పిన్నుకు బొట్టు గ్రీజు అందలేదు. గ్రీజు గన్ను పెట్టిన కుర్రవాడు అది ఎక్కుతున్నదో ప్రక్కకు కారుతున్నదో చూడలేదు. పూజలో భక్తి లోపించిందని ఎవరూ అనలేరు. పూజించిన వస్తువుకు ఊపిరి ఎక్కడ ఆడుతుందో తెలియకుండా అలంకరిస్తే అలంకారమే పిడచ అవుతుంది. మందిరాల విషయంలోనూ, మనుషుల విషయంలోనూ ఇది తలచుకోవచ్చు.

సంస్కృతంలో స్నేహమంటే మైత్రి, తైలం కూడా. ఆయుర్వేదంలో శరీరానికి నూనె పట్టించే చికిత్సకు స్నేహనమని పేరు. రెండు అర్థాలూ యాదృచ్ఛికంగా ఒకే మాటలో చేరలేదు. జిగట, తడి, అంటిపెట్టుకునే గుణం రెండింటికీ మూలం. తెలుగువారి ఎడ్లబండ్లకు కందెన ఉండేది. బండివాడు ఇరుసుకు కందెన రాయకుండా ఊరు దాటేవాడు కాడు. చిత్రమేమంటే స్నేహం భారాన్ని ఒక్క గ్రాము కూడా తగ్గించదు. 28 టన్నులు 28 టన్నులే. ఆ భారం క్రింద రెండు కఠిన పదార్థాలు ఒకదానినొకటి తినకుండా అది మధ్య నిలుస్తుంది, నిలిచి తాను నల్లబడి బయటికి పోతుంది. ఆ పోయిన స్థానంలోకి కొత్తది రావాలి. ఒకనాడు పెట్టిన స్నేహం ఎన్నటికీ చాలుతుందనుకోవడం యంత్రంలోనూ పొరపాటే, గృహస్థాశ్రమంలోనూ పొరపాటే.

పాత బుష్షును హాక్సా బ్లేడుతో నిలువునా కోసి, ఉలితో ముడిచి తీశారు. కన్ను కోడిగుడ్డు ఆకారానికి రావడంతో మెయిన్ పట్టీనే మార్చవలసి వచ్చింది, ఖర్చు పెరిగింది. యువకుడు ఏమీ అనలేదు. కొత్త పట్టీ కన్నులో కొత్త బుష్షును సమ్మెటతో కొట్టడం మేస్త్రి ఒప్పుకోరు. పొడవాటి బోల్టు, రెండు మందపు వాషర్లు, ఒక నట్టుతో నెమ్మదిగా లోనికి లాగించారు. వంకరగా ఒక్క దెబ్బ పడినా బుష్షు అంచు మడతపడి జీవితకాలం సగమవుతుందట. బుష్షులోని గ్రీజు రంధ్రం సరియైన దిక్కుకు ఉన్నదో లేదో రెండుసార్లు చూశారు. తరువాత రీమరుతో లోపలి భాగాన్ని పిన్నుకు తగినట్టు సవరించారు. ఈ ఘట్టంలో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. పిన్నును శుభ్రం చేసి, వేలితో నూనె రాసి, కన్నులో పెట్టి బొటనవ్రేలితో నెట్టారు. అది ఆగి ఆగి, తనంతట తాను అన్నట్టు లోనికి జారింది. బిగుతు కాదు, వదులు కాదు. ఋభువుల రథానికి వేదం పెట్టిన పేరు ఆ జారుటకే చెల్లుతుంది.

రెండవ ప్రక్క బుష్షులు ఇంకా కొంతకాలం నడిచేటట్టున్నాయి. అయినా వాటినీ మార్చారు. ఒక ప్రక్క బిగువు, మరొక ప్రక్క వదులు ఉన్న ఇరుసు సమత్వం పొందదు.

పని సాగుతుండగా యువకుని మాటల్లో కొల్లేరు వచ్చింది. 2006లో ప్రభుత్వం కొల్లేటి ఆపరేషన్ పేరిట చేపల చెరువుల గట్లను తెగగొట్టినప్పుడు అతడు చిన్నపిల్లవాడు. తండ్రి వాటా ఉన్న చెరువు గట్టు కూడా పోయింది. ఆ తరువాత తండ్రి పరుల చెరువులకు కాపలాదారయ్యాడు. కొడుకు స్టీరింగు పట్టాడు. గట్టు ఎవరికి అడ్డమొచ్చిందని అతని ప్రశ్న. ఆ దుఃఖాన్ని ఎవరూ తక్కువ చేయరాదు. అయితే భూగోళాన్ని చూస్తే కొల్లేరు కూడా ఒక ఖ. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన వరదను తనలో వ్యాపింపజేసి, ఉబ్బి, తగ్గి, ఉప్పుటేరు గుండా మెల్లమెల్లగా సముద్రానికి విడుస్తుంది. 1999లో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించినదీ, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చినదీ పక్షుల కోసమని మాత్రమే తలచేవారున్నారు. ఆటపాక గూడబాతులకు ఎంత అవసరమో, వరదకు కూడా ఆ ఖాళీ అంతే అవసరం. ఖాళీని గట్లతో నింపితే నీటి దెబ్బ గట్టునూ ఊరినీ తిన్నగా తాకుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన నీరు క్రిందికి దిగి చేరినది ఈ పల్లానికే. నదికైనా ఇరుసుకైనా శూన్యంగా కనిపించే స్థానమే పని చేస్తున్నది. యువకుడు ఈ మాటకు ఒప్పుకున్నాడని చెప్పడానికి లేదు. “వరదకి చోటు కావాలండి, నిజమే. మాక్కూడా కావాలి కదండీ,” అన్నాడు. ఆ వాక్యాన్ని ఖండించగల శాస్త్రం ఏదీ లేదు.

సాయంత్రానికి మేస్త్రి లేచి నిలబడటానికి లారీ బంపరును పట్టుకున్నారు. మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందని వైద్యులు చెప్పి ఏడాది దాటిందట. “దీనికి నిపుల్ పెట్టడం మర్చిపోయాడయ్యా దేవుడు,” అని నవ్వారు.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకునికి మరణాన్ని వర్ణించేటప్పుడు ఎంచుకున్న ఉపమానం ఒక బండి. నిండుగా బరువెక్కించిన శకటం శబ్దం చేస్తూ సాగినట్టు, ప్రాజ్ఞాత్మ అధిష్ఠించిన ఈ దేహాత్మ కడపటి ఊపిరి వేళ శబ్దం చేస్తూ పోతుందని ఋషి అన్నాడు. ఈ ఉపమానంలో ఒక దయ ఉన్నది. బండి శబ్దం చేస్తున్నదని ఋషి దానిని నిందించలేదు. బరువు మోసినది గనుక శబ్దం చేస్తున్నది. కఠోపనిషత్తులోని రథం యువకుని రథం: బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, అన్నీ గమ్యం వైపు. యాజ్ఞవల్క్యుని శకటం వృద్ధునిది. రెండు ఉపనిషత్తులనూ కలిపి చదివినవారికి దేహం విషయంలో రెండు పనులు తెలుస్తాయి. మార్చగల బుష్షును మార్చాలి. మార్చలేనిదాని శబ్దాన్ని భయం లేక వినాలి. ఏది దేనిలోకి వస్తుందో తేల్చడమే కష్టం. మేస్త్రి తన మోకాళ్ళ విషయంలో ఇంకా తేల్చుకోలేదు, శస్త్రచికిత్సకు కుమార్తె పట్టుబడుతున్నదట.

దీపాలు పెట్టే వేళకు కట్టను ఎక్కించారు. కొత్త యూ బోల్టులను మొదట చేతి బిగువుతో మాత్రమే వదిలి, స్టాండ్లు తీసి బండిని నేల మీదికి దింపారు. బరువు పూర్తిగా చక్రాల మీదికి వచ్చిన తరువాతనే కడపటి బిగింపు. రబ్బరు బుష్షులు ఉన్న బండ్లలో ఈ నియమం మరీ ముఖ్యం: గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగిన క్షణం నుండే రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఉండి కొద్ది నెలలకే చిరుగుతుంది. భారం మోసే భంగిమలో ఉన్నప్పుడే దానిని స్థిరపరచాలి. ఏకాంతంలో పట్టుబడిన వైరాగ్యం ఇంటికి రాగానే ఎందుకు చిరుగుతుందో తెలియక వగచే సాధకులకు ఈ నియమం కొంత ఊరట.

గ్రీజు గన్నుతో ప్రతి పిన్నుకూ రెండు ప్రక్కల నుండి కొత్త గ్రీజు వలయంలా బయటికి వచ్చేదాకా ఎక్కించారు. నిపుళ్ళకు చిన్న రబ్బరు మూతలు పెట్టి, ఈసారి రంగువేసేవానికి వాటిని చూపించమన్నారు. యువకుడు బండిని రహదారి మీదికి తీసుకువెళ్ళి, గుండుగొలను వరకు పోయి తిరిగి వచ్చాడు. దిగి వెంటనే ఏమీ చెప్పలేదు. స్టీరింగు నిటారుగా పట్టుకుంటే బండి కుడికి పోతున్నట్టు అనిపించిందన్నాడు.

“బండి తిన్నగానే పోతుంది. నీ చెయ్యే ఇంకా కుడికి పడుతుంది,” అన్నారు మేస్త్రి. “పదిరోజులు పడుద్ది. లోడేసి ఒక ట్రిప్పు తిరిగొచ్చాక ఓసారి తీసుకురా, యూ బోల్టులు మళ్ళీ బిగించాలి.”

కూలి సగం ఆ రోజు ఇచ్చి, మిగిలినది జాతర వెళ్ళాక ఇస్తానన్నాడు. మేస్త్రి తలూపి, పాత పిన్నును ఇనుప ముక్కల డబ్బాలో వేయకుండా అతని చేతిలో పెట్టారు. అతడు దానిని ఇంజను మూత ప్రక్కన, అమ్మవారి పటం క్రింద ఉంచుకుని చాటపర్రు వైపు బండి తిప్పాడు.